నత్తగుల్లలు లేని మట్టి

2006 వేసవిలో ఒక ఉదయం, శామీర్‌పేట సత్యమ్మ మేడ్చల్‌లోని డిటెక్టివ్ చలపతిరావు ఆఫీసుకొచ్చింది. పొలంలో మేసిన రెండు బర్రెలూ వారంలోనే చచ్చాయట. ఒంట్లో సీసం చేరిందన్నాడట పశువుల డాక్టరు. నేల పాడైపోయింది, నాకమ్మెయ్యమంటున్నాడట ప్లాట్లు వేసే ప్రతాప్. రేపే కాగితాల మీద వేలిముద్ర. ఆ ఎకరం తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు.

పొలంలో కొత్తగా ఏం వేశారని చలపతిరావు అడిగాడు.

"చెరువు మట్టే సారూ, ఏటేటా అందరం తోలుకుంటం. ఈసారి ప్రతాప్ పటేలే పైసా తీసుకోకుంట ఊకెనే తోలిపిచ్చిండు. మస్తు మెత్తగుండె, కాళ్లకు ఒక్క నత్తగుల్ల గుచ్చుకోలె."

చలపతిరావు వెంటనే లేచాడు. తుర్కపల్లిలోని స్నేహితుడి ల్యాబు నుంచి తుపాకీలాంటి యంత్రమొకటి తెప్పించాడు. మట్టికి ఆనించి మీట నొక్కితే ఏ లోహం ఎంతుందో నిమిషంలో చెబుతుందది. అసిస్టెంటు నవ్యశ్రీకి ఒళ్లు జలదరించింది. కంటికి కనపడని విషం అంకెలై తెర మీదికి రావడం ఆమె ఎన్నడూ చూడలేదు.

సాయంత్రానికి చెరువులోనూ చుట్టుపక్కల పొలాల్లోనూ మట్టిని పరీక్షించడం అయింది. ఊరంతా సత్యమ్మ పొలం దగ్గర చేరింది. ప్రతాప్ కారులో, అతని ట్రాక్టరు డ్రైవరు యాదయ్య మట్టి తోలిన ట్రాలీతో వచ్చారు.

"చెరువు మట్టిలో సీసం జాడ లేదు. పక్క పొలాల్లోనూ లేదు. సత్యమ్మ పొలంలో మాత్రం విపరీతంగా ఉంది," అన్నాడు చలపతిరావు. "చెరువు మట్టయితే నత్తగుల్లలుండాలి. ఇందులో ఒక్కటీ లేదు. అంటే ఇది చెరువులోది కాదు."

యంత్రాన్ని ప్రతాప్ ట్రాలీ పలకల సందుల్లో ఆనించాడు. అంకెలు ఎగబాకాయి. ట్రాలీని కడిగించిన ప్రతాప్‌కు ఆ సందులు గుర్తు రాలేదు.

యాదయ్య తల దించుకున్నాడు. "పటేల్ జెప్పిండు సార్. పాత బ్యాటరీలు కరగవెట్టే కొట్టం కాడి బూడిద, నల్లమట్టిల కలిపి పోసిన. గది విషమని నాకు ఎర్కలే."

రోడ్డు పక్క నేల తక్కువకు కొట్టేసి, పైమట్టి తీయించి ప్లాట్లు వేసుకోవాలన్నదే ప్రతాప్ ఎత్తు. అతను గొణుగుతూ కారు వైపు నడిచాడు గానీ, జనం కదలనివ్వలేదు. నవ్యశ్రీ పోలీసులకు ఫోన్ చేసింది.

సత్యమ్మకు ఇవేవీ పట్టలేదు. "లోపల నేల బతికున్నదా సారూ?" అంది.

చలపతిరావు జానెడు లోతు తవ్వించి యంత్రం ఆనించాడు. నవ్యశ్రీ ఊపిరి బిగబట్టి చూసింది. తెర మీద సీసం లేదు.

"పైమట్టంతా నేనే ఎత్తిపోస్త సత్తెమ్మా, ఎక్కడ పొయ్యాల్నో సారు జెప్తడు," అన్నాడు యాదయ్య.

సత్యమ్మ గుంటలోకి వంగి ఆ అడుగు మట్టిని గుప్పిట పట్టుకుని ఏడ్చింది. రేపు సిరా అంటాల్సిన బొటనవేలికి మట్టి అంటింది. ఆమె దాన్ని తుడుచుకోలేదు.