చెదలక్షరం

టీ కొట్టు ముందున్న ప్రకటనల పలుకుపలక మీద సబ్బు పేరు మధ్యాహ్నానికే సగం అరిగిపోయింది. భద్రయ్య గ్లాసు పట్టుకుని తన చేతిపనిని చూసుకుంటున్నాడు.

"నీ అక్షరాలకేం రోగమయ్యా! పొద్దున పెట్టినవి, అప్పుడే చెదలు పట్టాయి" అంది కొట్టు పోలమ్మ.

"రోగం కాదు పిన్నీ, వాటి అందమే అది."

పాత టైపుమిషను కొట్టిన కాగితాలు చూసి అతను కట్టిన అచ్చు అది. అంచులు చిట్లి, సిరా పూసుకుని, ఒకటి లేచి ఒకటి కుంగి ఉంటాయి అక్షరాలు. నున్నటి రాతల్ని జనం చూడడమే మానేసిన కాలంలో దానికి గిరాకీ పుట్టింది. ఎన్ని కళ్లు ఆగాయో పలకలోని చూపుముల్లు పసిగడుతుంది. చూసినకొద్దీ అక్షరం ఇంకాస్త అరుగుతుంది. అరిగిపోయేదాన్ని మనిషి వదలకుండా చూస్తాడు. పూర్తిగా చెరిగేలోగా కంపెనీలవాళ్లు మళ్లీ కొత్త అచ్చు వేయించుకుంటారు.

"గుంటగట్టున బాతులోళ్లు దిగారు, చూశావా? నిన్న ఆ బాతులు చెవులు చిల్లులు పడేలా అరిచాయి. ఇవాళ ఒక్కటీ నోరెత్తట్లేదు" అంది పోలమ్మ.

భద్రయ్య గ్లాసు దించాడు.

ఆ గుంటలో రొయ్యల చెరువుల మందు కలిసింది. విషం, తాగొద్దని ఊరే పలక పెట్టించింది, అతని అక్షరాల్లోనే. భయం కొద్దీ ఊరంతా వెళ్లి చూసింది. చదువు రానివాళ్లకు చదివి వినిపించింది. దారిన పోయే ప్రతివాడూ ఆగాడు. దానికి కొత్త అచ్చు వేయాలని ఎవరికీ తట్టలేదు. అతనికీ తట్టలేదు.

పరుగెత్తాడు. పలక కడిగిన పళ్లెంలా ఉంది. గట్టు మీద బాతులు మెడలు వాల్చి కూర్చున్నాయి. బాతులు మేపే చెంచమ్మ గుంటలో బిందె ముంచుతోంది.

"తాగొద్దమ్మా! విషం!"

"యాడ రాసుంది సామీ?" ఆమె పలక వైపు చూసి నవ్వింది. "ఊరూరా పలక చూసే దిగుతాం మేము. రాత లేకుంటే మంచి నీళ్లే గదా. బాతులకేదో తెగులు తగిలింది, అంతే."

అతను బిందె లాక్కుని ఒలకబోశాడు. చెంచమ్మ తిట్టిపోసింది. గుడారం ముందు ఇంకో బిందె ఉంది, సగానికి తగ్గి.

"ఆ నీళ్లెవరు తాగారు?" అరిచాడు.

"అరవబాక సామీ, పిల్లోడు లేస్తాడు." ఆమె స్వరం తగ్గించింది. "రేతిరంతా కునుకు లేక ఏడ్చినోడు, పొద్దున కడుపునిండా తాగి పడుకున్నాడు. ఇంకా కదల్లేదు."