రేబెకాని పిలిచే గది

కలకత్తా గార్డెన్ రీచ్‌లో మా తెలుగువాళ్ళ గల్లీ చివర ఒక గది ఉంది. పగలు దాని గుమ్మం ముందే పిల్లలు క్రికెట్ ఆడతారు. చీకటి పడ్డాక బంతి అక్కడికి దొర్లితే మాత్రం ఒక్కడూ వెళ్ళి తెచ్చుకోడు. ఆ గది మంచిది కాదని మొదట అన్నది టీ కొట్టు బెంగాలీ దాదా. తర్వాత అందరం అన్నాం. నేనూ అన్నాను, అబద్ధమెందుకు.

అందులో వినయ్ కుమార్ ఉండేవాడు. డాక్‌లో క్రేన్ నడిపేవాడు, ఎప్పుడూ నైట్ డ్యూటీయే. మొన్న దుర్గాపూజల ముందు డెంగీ వచ్చి వారం తిరక్కుండా పోయాడు. పెళ్ళయి రెండేళ్ళు కూడా నిండలేదు. భార్య రేబెకాని అత్తగారు నదికి దిగువన బడ్జ్ బడ్జ్‌లో తమ ఇంటికి తీసుకుపోయింది. గదికి తాళం పడింది.

తాళం పడ్డాక… లోపల్నుంచి గొంతు వినబడటం మొదలైంది.

మొదట విన్నది ఆనందరావు మావయ్య. షిఫ్టు దిగి అర్ధరాత్రి ఇంటికొస్తున్నాడు. మనిషి గట్టివాడు, దెయ్యాలంటే వెక్కిరించే రకం. ఆ తలుపు కింద సన్నగా నీలం వెలుతురు కనబడింది. ఆగాడు. అప్పుడు…

"రేబెకా… లే… రా…"

వినయ్ గొంతే. ఆదివారం ఆదివారం చర్చిలో తన పక్కన నిలబడి పాడిన గొంతు. మావయ్య చెప్పులు అక్కడే వదిలేసి వచ్చాడు. తెల్లారాక కూడా వాటికోసం వెళ్ళలేదు.

తర్వాత ఇంకొందరు విన్నారు. ఎప్పుడూ అర్ధరాత్రే. ఎవరు విన్నా ఆ మూడు మాటలే, అంతకు మించి వినడానికి ఎవరి కాళ్ళూ నిలవలేదు.

ఇలాంటి కబురు గల్లీలో ఆగుతుందా? హుగ్లీ నది నీళ్ళ కంటే ముందే బడ్జ్ బడ్జ్ చేరింది. రేబెకా విని ఏడవలేదట. అన్నం మానేసింది. "నన్ను రమ్మంటన్నారు, ఎల్తాను" అనడం మొదలుపెట్టింది. ఒక సాయంత్రం రేవు దగ్గర మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఉంటే ఎవరో చూసి ఇంటికి పట్టుకొచ్చారు.

ఇక వినయ్ తమ్ముడు రాజ్ కుమార్ ఆగలేకపోయాడు. ఇదంతా నాకు చెప్పింది అతనే. అన్న నిజంగా దెయ్యమై ఉంటే కాళ్ళు పట్టుకుని, వదినని వదిలెయ్యమని అడుగుదామనుకున్నాడు. ఆ రాత్రే బయల్దేరాడు. రేబెకా తనూ వస్తానంది. ఆపడం అతని వల్ల కాలేదు.

టీ కొట్టు దాదా వాళ్ళని చూసి, "జాబేన్ నా" అన్నాడు మెల్లిగా. వెళ్ళొద్దని. వెళ్ళారు.

తాళం తీశారు. మూసిన గది వాసన… మంచం మీద మడత విప్పని దుప్పటి. లైటు వేయడానికి రాజ్ కుమార్‌కి ధైర్యం చాలలేదు. ఇద్దరూ మంచం పక్కన నేల మీద కూర్చున్నారు.

"భయమేస్తందా వదినా?"

"నాకేటి భయం. ఆయనే కదా."

చాలాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత — గది అవతలి మూల నీలం వెలుతురు లేచింది.

"రేబెకా…"

రాజ్ కుమార్ వదిన దగ్గరికి జరిగాడు.

"లే… రా…"

రేబెకా లేచింది. అతను ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఈసారి పారిపోయేవాళ్ళు లేరు. గొంతు ఇంకా మాట్లాడింది.

"రా, వచ్చి దీన్నాపు. ఆపినదాకా పిలుస్తానే ఉంటాను. ఐదున్నరైపోనాది. డ్యూటీ మొదటి రోజే లేటవుతావేటి?"

మూలన బల్ల మీద, ఛార్జరు తగిలించే ఉన్న, మూత సగం వాల్చిన లాప్‌టాప్.

వినయ్‌కి అదొక పిచ్చి. ఒక్క లాప్‌టాప్‌లో మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఎక్కించాడు. ఫొటోలకీ సినిమాలకీ విండోస్. తను నేర్చుకోడానికి ఒక లైనక్స్. మూడోది రేబెకా కోసం, అంతా తెలుగులోనే కనబడే ఇంకో లైనక్స్. కలకత్తాలో పుట్టిన వినయ్‌కి తెలుగు చదవడం రాదు. పలాస నుంచి వచ్చిన రేబెకాకి తెలుగు తప్ప ఇంకో అక్షరం రాదు. ఆమె చదివి చెబుతుంటే అతను నొక్కుతూ ఎక్కించాడు. ఆ నవ్వులు పక్కింట్లోకి వినబడేవి.

పూజలయ్యాక రేబెకా ఆసుపత్రిలో ఆయాగా చేరాలి. తెల్లవారుజామునే లేవాలి, ఆ వేళకి అతను ఇంట్లో ఉండడు. అందుకని ఆమెకి చెప్పకుండా తన గొంతు రికార్డు చేసి, ఆ మూడో దాంట్లో అలారం పెట్టాడు. ఆ పిలుపుతో ఆమె ఒక్క రోజైనా లేవకముందే అతను మంచం పట్టాడు.

మరి అర్ధరాత్రి ఎందుకు పిలవాలి? అది రాజ్ కుమార్ చేతి చలవే. సమాధి రోజున అన్న ఫొటో కోసం విండోస్ తెరిచి, ఆపబోయి రీస్టార్ట్ నొక్కి, మూత సగం వాల్చి వెళ్ళిపోయాడు. అది తిరిగి లేచి, దానంతటదే ఆ మూడోదాన్ని తెరుచుకుంది. మూడింటికీ లోపల ఉన్న గడియారం ఒక్కటే. విండోస్ అందులో మన టైము రాస్తుంది. లైనక్స్ దాన్ని లండన్ టైమనుకుని ఐదున్నర గంటలు కలుపుకుంటుంది. నెట్ ఉంటే దానంతటదే దిద్దుకునేది. ఆ నెట్ వినయ్ ఫోన్‌లోంచి వచ్చేది, అతను పోయాక రాలేదు. అందుకే మనకి పన్నెండైతే, దానికి ఐదున్నర.

దెయ్యం లేదు, ఏమీ లేదు. రాజ్ కుమార్ ఇదంతా వదినకి చెబుతూ నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు. దెయ్యంగానైనా ఉన్నాడనుకున్న మనిషి ఇప్పుడు అలాగైనా లేడు.

"మూడెక్కించేరు కదా రాజూ," అంది రేబెకా గుసగుసగా. "ఏ దాంట్లోనూ లేరా?"

రాజ్ కుమార్ ఆమె చెయ్యి వదిలి లేచాడు.

గొంతు మళ్ళీ మొదలైంది. "రేబెకా… లే… రా…"

"నేనాపేస్తాను వదినా."

"ఉండు. పిలిసింది నన్ను."

వెళ్ళి బల్ల ముందు నిలబడింది. "లేచేనండి," అంది. "లేచేను…"

మీట నొక్కింది. గది చీకటైపోయింది. వినయ్ పోయాక ఆమె ఏడవడం అదే మొదలు. గల్లీ అంతా వినబడింది. దెయ్యమేడుస్తోందని మేం తలుపులు బిగించుకున్నాం.

చాలాసేపటికి రాజ్ కుమార్ కళ్ళు తుడుచుకుని, "టైము సరిచేసేస్తాను వదినా. ఇంక తెల్లారగట్లే పిలుస్తాది" అన్నాడు.

"వద్దు," అంది రేబెకా. "అర్ధరాత్రే పిలవనీ. తెల్లారగట్ల పిలిస్తే… డ్యూటీ దిగి ఇంటికొచ్చేస్తన్నారనుకుంటాను."