గాజుల మోరీ దగ్గర ఆగిన జీపు

కృపారాణి, వయసు ముప్పై ఏడు. పొద్దున లేవగానే చాయ్ కూడా తాగకుండా, తను కిరాయికి నడిపే జీపు కిందికి వంగి, నేల మీద ఆయిల్ చుక్క పడిందేమో చూసుకోవడం ఆమె అలవాటు.

ఇది ఆమె నాకు చెప్పిన సంగతి. ఇందులో నేను కలిపింది కోపం ఒక్కటే.

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే దారిలో, అడవి చిక్కబడే చోట ఒక పెద్ద దిగుడు ఉంది. దిగుడు అడుగున ఒక మోరీ, వాన నీళ్ళు పోయే చిన్న వంతెన. అది దాటగానే మళ్ళీ ఎత్తు. చీకటి పడ్డాక ఆ మోరీ దగ్గర బండి ఆపిన మగాడు ఈ నాలుగేండ్లలో లేడు. దిగుడులో ఉండగానే ఆడమనిషి ఏడుపు మొదలవుతుంది… సన్నగా, సాగదీస్తూ, బండి వెనకాలే వస్తుంది. మోరీ దాటి ఎత్తు ఎక్కుతుంటే ఆగిపోతుంది.

అందుకని డ్రైవర్లు కిటికీలోంచి ఒక గాజు విసిరేసి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోతారు. ఆ పెంకులతో దానికి గాజుల మోరీ అని పేరొచ్చింది.

ఏడ్చేది దుర్గవ్వ. అందులో ఎవరికీ అనుమానం లేదు.

దుర్గవ్వ బీడీలు చుట్టి బతికిన మనిషి. మొగుడు లేడు, ఒక్కతే బిడ్డ. నాలుగేండ్ల కింద వానాకాలంలో ఆమెను పాము కరిస్తే, నరేందర్ అనే డ్రైవర్ తన జీపులో కామారెడ్డి దవాఖానకు తీసుకుపోయాడు. తెల్లారి ఆమె మోరీ గోడకు ఒరిగి, చచ్చిపోయి కనబడింది.

నరేందర్ చెప్పిన కథ ఇది: "ఆమె పానం తోవలనే పోయింది. మోరీ కాడికి రాంగనే ఎవరో ఎనుకకెళ్లి బండిని పట్టుకున్నరు. చక్రాలు బిగుసుకపోయినయ్. శవం లేచి కూసున్నది. నేను ఉరికిన."

ఊరంతా నమ్మింది. మగవాడు చస్తే చౌరస్తాలో ఫ్లెక్సీ అవుతాడు, ఆడది చస్తే దెయ్యం అవుతుంది. బతికున్నన్నాళ్ళు దుర్గవ్వకు ఒక్క గాజు కొనిపెట్టని లోకం, చచ్చాక డజన్ల కొద్దీ విసిరింది. అదీ బండి ఆపకుండా!

ఇప్పుడు దుర్గవ్వ బిడ్డ సాయిశ్రీకి నెలలు నిండాయి. ఎల్లారెడ్డి అవతల పొలాల మధ్య ఆమె అత్తగారి ఊరు. వాన పడితే అంబులెన్స్ రోడ్డు మీదే ఆగిపోతుంది. ఆ బురదలోంచి బయటపడేది నాలుగు చక్రాలూ లాగే కృపారాణి జీపు ఒక్కటే. కాన్పు కష్టమయ్యేలా ఉంది, నొప్పులు రాగానే కామారెడ్డికే తీసుకురండని డాక్టరమ్మ ముందే చెప్పింది.

కానీ అత్త భూదవ్వ గడపలో అడ్డంగా కూర్చుంది.

"రాత్రిపూట మోరీ దాటనియ్య. తల్లి బిడ్డను పిలుస్తది. నేను కూడ జీపుల వస్త. ఏడుపు ఇనబడ్డదంటే అక్కడ్నుంచే ఎనుకకు తిప్పాలె."

"ఇనబడకపోతే?" అంది కృపారాణి.

"ఇనబడక ఏడ వోతది? నీ జీపుల కూడ ఇనబడ్డది గదనే!"

నిజమే. కృపారాణి కూడా ఆ ఏడుపు వింది. వినీ, యేసయ్యను తలుచుకొని, వెనక్కి చూడకుండా పోయింది. అందరిలాగే.

అంతలో జీపు మొరాయించింది. ముందూ వెనకా యాక్సిళ్లలో గేర్లు అరిగిపోయాయి. రెండింటికీ క్రౌన్, పినియన్ అనే పళ్ళచక్రాలు కొత్తవి వేయాల్సిందేనని కామారెడ్డి మెకానిక్ దేవరాజ్ తేల్చాడు. బిగించేసరికి పొద్దు గూకింది. బండి అప్పగిస్తూ ఒకటే మాట చెప్పాడు.

"చెల్లె, కొత్త పండ్లు ఒకదానికొకటి అలవాటు కావాలె. మెల్లగ పో. లోడు పెట్టకు. కొంచెం దూరం పోయి ఆపు. కింద గేర్లుండే ఇనుప బుర్ర మీద చెయ్యి పెట్టి చూడు. చల్లారినంకనే కదులు. మొదటి రోజే కాల్చినవనుకో, ఇగ జన్మంత ఊళ ఏస్తయ్."

పక్కనే పంక్చర్ వేయించుకుంటున్న నరేందర్ ఊరుకుంటాడా?

"కొత్త గేర్లు కొత్త పెండ్లాం లెక్క వదినా! మొదటి రాత్రే లొంగదియ్యాలె. నేను నాలుగేండ్ల కింద వానాకాలంల ఏపిచ్చిన్నాడే ఇటుకల ట్రాలీ గుంజిపిచ్చిన. ఆ తర్వాత మార్చిన సెట్టుకు కూడ గంతే!"

"అందుకేనా, రెండూ నీ కాడ నిలువలే?" అంది కృపారాణి.

నరేందర్ పెండ్లాం పుట్టింటికి పోయి మూడేండ్లు. పంక్చర్ వేసేవాడు కూడా నవ్వు దాచుకోలేదు.

కృపారాణి ఎల్లారెడ్డి వైపు మెల్లగా బయలుదేరింది. ఎంత మెల్లగా అంటే, టీవీఎస్ మీద పాలక్యాన్లు వేలాడేసుకున్న ముసలాయన కూడా హారన్ కొట్టి దాటిపోయాడు. ఒకసారి ఆపింది. చల్లారనిచ్చింది. మళ్ళీ కదిలింది.

అడవి వచ్చింది… ఎత్తు ఎక్కుతుంటే కాగిన ఆయిల్ వాసన ముక్కుకు తగిలింది. ఆపాలి. ఎత్తులో ఆపడానికి చోటు లేదు. ముందున్నది దిగుడు. దిగుడు కింద చదునుగా ఉన్న జాగా ఒక్కటే—

మోరీ.

యాక్సిలరేటర్ మీంచి కాలు తీసింది. చెవులు రిక్కించింది. ఇప్పుడు మొదలవ్వాలి ఏడుపు…

మొదలు కాలేదు.

చక్రాల కింద కంకర చప్పుడు. అంతే. భయం లేదని కృపారాణి నాతో అబద్ధం చెప్పలేదు. "ఏడుపు ఇనబడితే ఎంత భయమయ్యేదో గాని అక్కా, ఇనబడకపోతే ఇంకా ఎక్కువైంది. దుర్గవ్వ బండెక్కి పక్కనే కూసున్నదేమో అనిపిచ్చింది" అంది.

అయినా ఆపింది. భయానికి ఆగకపోతే గేర్లు కాలిపోతాయి. గేర్లు కాలితే సాయిశ్రీని తెచ్చే బండి ఉండదు. జీపును రోడ్డు దింపి, తుప్పల పక్కన పెట్టి, లైట్లు ఆర్పింది. మోరీ గోడ మీద కూర్చుంది. కాళ్ళ కింద గాజు పెంకులు కరకరమన్నాయి.

కప్పల అరుపులు. తడి ఆకుల వాసన. జీపు కింద వేడి ఇనుము అప్పుడప్పుడు టిక్… టిక్… మంటోంది.

అప్పుడు వినబడింది.

పైన, దిగుడు మొదట్లో… సన్నగా, సాగదీస్తూ… ఆడమనిషి ఏడుపు.

కృపారాణి గోడను గట్టిగా పట్టుకుంది. ఏడుపు దిగివస్తోంది. దగ్గరికి… ఇంకా దగ్గరికి… దాంతో పాటే రెండు లైట్లు కూడా.

ఏడుస్తున్నది జీపు!

ఒక్కసారిగా ఆమెకు అంతా తెలిసింది. దిగుడులో అందరూ కాలు తీస్తారు. కాలు తీయగానే, కాలిపోయిన గేర్లయినా తన పాతవాటిలా అరిగిపోయినవైనా ఊళ వేస్తాయి. ఎత్తు రాగానే మళ్ళీ తొక్కుతారు, ఊళ ఆగుతుంది. ఈ దారిలో తిరిగే మగాళ్ళందరూ కొత్త గేర్లను మొదటి రోజే లొంగదీసినవాళ్ళు. ప్రతివాడూ తన దెయ్యాన్ని తన బండి కిందే మోసుకుని తిరుగుతున్నాడు. ఇక్కడ ఒక్కడు, ఒక్కసారి బండి ఆపి నిలబడి ఉంటే, వెనకొచ్చే బండి ఏడుపు బయటినుంచి విని ఉండేవాడు. ఆపే దమ్ము ఏదీ?

గాజు ఒకటి గాలిలో వచ్చి ఆమె మోకాలికి తగిలింది.

కృపారాణి లేచి రోడ్డుకు అడ్డంగా నిలబడి, "ఆగు!" అంది.

జీపు జారుకుంటూ ఆగింది. లైట్ల వెలుగులో చీర కట్టిన మనిషి. వెలుగు వెనక, స్టీరింగు మీదికి వంగిపోయిన నరేందర్.

"నీ గేర్లు—" అని ఆమె చెప్పబోయింది. అతను విననే లేదు.

"దుర్గవ్వా… నన్నేం జెయ్యకు… ఇంకో బండి తెస్తనన్న గదా… తెద్దామనే వోయిన… భయమైంది…"

కృపారాణి ఒక అడుగు ముందుకు వేసింది.

"గుట్ట ఎక్కేదాక పిలుస్తనే ఉన్నవ్… నరేందరా, నరేందరా అని… ఎనుకకు చూడలే… తప్పైంది…"

కృపారాణికి లెక్క కుదిరింది. ఇటుకల ట్రాలీ లాగిన ఆ వానాకాలంలోనే దుర్గవ్వను ఎక్కించుకున్నాడు. కాలిన గేర్లు ఇక్కడికొచ్చి పట్టేశాయి. చక్రాలను పట్టుకున్నది దెయ్యం కాదు. మోరీ దగ్గర కూర్చున్నది శవం కాదు.

"అప్పటికి బతికే ఉన్నదా?" అంది కృపారాణి.

నరేందర్ తలుపు తెరుచుకొని దూకాడు. బండినీ, లైట్లనూ, ఆమెనూ వదిలేసి ఎత్తు మీదికి ఉరికాడు. నాలుగేండ్ల కింద ఎలా ఉరికాడో కృపారాణి కళ్ళారా చూసింది.

ఆమె అతని జీపు దగ్గరికి పోయి, తాళం తిప్పి ఇంజన్ ఆపింది. తర్వాత తన జీపు కిందికి వంగి, ఇనుప బుర్ర మీద చెయ్యి పెట్టింది. ఇంకా వెచ్చగానే ఉంది. మళ్ళీ వచ్చి గోడ మీద కూర్చుంది.

ఆ వారంలోనే ముసురు పట్టిన ఒక రాత్రి సాయిశ్రీకి నొప్పులు వచ్చాయి. జీపు బురదలోంచి గుంజుకుంటూ రోడ్డెక్కింది. వెనక సీట్లో కోడలి తల ఒళ్లో పెట్టుకొని భూదవ్వ దారి పొడవునా చెవులు నిక్కించి కూర్చుంది.

చాలాసేపటికి గొణిగింది. "మోరీ ఇంకెంత దూరమే?"

"ఎప్పుడో దాటినమవ్వా."

భూదవ్వ కిటికీలోంచి వెనక్కి చూసింది. సాయిశ్రీ నొప్పుల మధ్యే తల్లి గురించి అడిగింది. "మా అవ్వ ఏడ్వలేదా అక్కా?"

"లే బిడ్డా. మీ అవ్వ ఎన్నడూ ఏడ్వలే. పిలిచింది."

ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ క్షేమం.

బాలింత లేచి తిరిగే వేళకు కృపారాణి రెండు పనులు చేసింది. కొత్త గేర్లు కుదురుకున్నాయి కాబట్టి జీపుకు గేరాయిల్ మార్పించింది. అదే జీపులో సాయిశ్రీని ఎక్కించుకొని పోయి, నరేందర్ మీద పోలీసు కేసు పెట్టింది.