మహిమ నవ్విన వాక్యం

"మే ఐ కమింగ్ మేడమ్?"

గుమ్మంలో నిలబడ్డ మనిషి జుట్టు నిండా సిమెంటు దుమ్ము. మహిమ బోర్డు మీంచి చూపు తిప్పింది.

"కమింగ్ కాదండి, కమ్ ఇన్. పావుగంట లేటు."

"ముక్త్యాల నుంచి రావాలండి. లారీవాళ్లు దారివ్వరు. ఇంగ్లిష్‌లో అడిగితే ఇస్తారేమోనని నేర్చుకోడానికొచ్చా."

క్లాసు గొల్లున నవ్వింది. మహిమ తల వంచుకుని నవ్వుకుంది.

జగ్గయ్యపేటలో చెప్పుల షాపు పైన నడిచే ఆ స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులో సాయంత్రం బ్యాచ్ ఆమెది. రోజూ నందిగామ నుంచి బస్సులో వస్తుంది. అతని పేరు శాంతికుమార్. సిమెంటు ఫ్యాక్టరీలో లారీల లోడింగ్ చూసే గుమస్తా. సూపర్‌వైజర్ ఇంటర్వ్యూ ఇంగ్లిష్‌లో ఉంటుందని చేరాడు. తప్పు చెప్పినప్పుడల్లా అందరికంటే ముందు తనే నవ్వేసేవాడు. వారం తిరిగేసరికి, అతను వచ్చే వేళకు మహిమ చూపు దానంతటదే గుమ్మం వైపు వెళ్లసాగింది.

ప్రెజెంట్ టెన్స్‌లు మొదలైన రెండో రోజు, ఇంట్లోవాళ్ల గురించి నాలుగు వాక్యాలు రాయమంది. శాంతికుమార్ రాసిన కాగితం అందుకుని చదువుతూ ఆగిపోయింది.

'మై మదర్ ఈజ్ డయింగ్ సిన్స్ టూ థౌజండ్ నైన్‌టీన్.'

నవ్వు ఆపుకోలేక పైకే చదివేసింది. "అంటే మీ అమ్మగారు అప్పట్నుంచీ చనిపోతూనే ఉన్నారా శాంతికుమార్‌గారూ? ఇంకా పూర్తవలేదా?"

క్లాసంతా పగలబడి నవ్వింది. శాంతికుమార్ కూడా నవ్వబోయాడు. పెదాలు కదిలాయి గాని నవ్వు రాలేదు. కాగితం తీసుకుని, నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

"ఆయనిక రాడేమో మేడమ్," అంది ముందు బెంచీలో కూర్చునే లాస్య. "మా మావయ్యది ముక్త్యాలే. వాళ్లమ్మగారు పోయి ఐదారేళ్లయిందంట. నాన్నగారికి పక్షవాతం. వంటా, ఆయన స్నానం, అన్నీ ఈయనే చూసుకుంటాడంట."

మహిమ చెవులు వేడెక్కాయి. అమ్మ అప్పట్నుంచీ లేదు అని చెప్పడానికి అతని దగ్గరున్న ఇంగ్లిష్ అంతే. ఎప్పుడో మొదలై ఇప్పటికీ సాగుతున్నదాన్ని ఏ టెన్స్‌లో చెప్పాలో ఆమె ఇంకా నేర్పనే లేదు. తను నేర్పనిదానికి అతన్ని నలుగురిలో నవ్వులపాలు చేసింది.

బస్సు చిల్లకల్లు దాటాక వాన అందుకుంది. జల్లు మొహాన కొడుతున్నా ఆమెకు తెలియలేదు.

"అమ్మాయ్, తడిసిపోతన్నాం, అద్దం మూయవే!" అని పక్కావిడ కసిరాక ఉలిక్కిపడింది. మొహం తుడుచుకుంది. అందులో వాననీళ్లెన్నో, మిగతావెన్నో పక్కావిడకు తెలియకపోవడం ఒక్కటే ఆమెకు ఊరట.

ఇంటికెళ్లి తండ్రి వరప్రసాదరావుకు అంతా చెప్పేసింది. ఆయన రిటైరైన టీచరు.

"నవ్విందేమో నలుగురిలో," అన్నాడాయన. "సారీ ఒక్కడికే చెబితే సరిపోద్దా?"

ఆదివారం చర్చి నుంచి సరాసరి ముక్త్యాల వెళ్లి, ఇల్లు అడిగి తెలుసుకుంది. శాంతికుమార్ వరండాలో తండ్రికి జావ తాగిస్తున్నాడు. ఆమెను చూసి కంగారుగా లేచి, లుంగీ మీద నడుముకు చుట్టుకున్న తువ్వాలు విప్పి వెనక దాచాడు.

"సారీ అండి." "నాకు తెలీదు. తెలీకపోయినా అలా నవ్వకూడదు. మీ మొహం చూడాలంటే సిగ్గుగా ఉంది."

"నాకూ సిగ్గేసిందండి," అన్నాడు నేల చూస్తూ. "మీరు నవ్వినందుక్కాదు. ఊళ్లోవాళ్ల బట్టలు కుట్టి చదివించింది అమ్మ. ఆవిడ గురించి ఒక్క ముక్క తిన్నగా రాయలేకపోయా."

"హాజ్ బీన్ డెడ్ అని రాయాలి. అది నేను మీకు చెప్పలేదు. తప్పు నాది."

మంచం మీంచి పెద్దాయన మాట ముద్దముద్దగా వచ్చింది. "ఎవర్రా?"

"మా టీచర్ నాన్నా."

"గుమ్మం కేసే చూస్తదన్నావు... ఈవిడేనా?"

ఇద్దరి తలలూ ఒకేసారి వంగిపోయాయి. మహిమకు పరుగెత్తాలనిపించింది. పరుగెత్తకుండా, "రేపు క్లాసుకి రండి. మీరు లేకుండా చెప్పలేను," అని మాత్రం అనగలిగింది.

సోమవారం బోర్డు ముందు నిలబడి, "మొన్న తప్పు చేసింది శాంతికుమార్‌గారు కాదు. నేర్పకుండా నవ్వింది నేను. అందరి ముందూ క్షమించమని అడుగుతున్నా," అంది. ఎవరూ నవ్వలేదు. ఆఖరి బెంచీ నుంచి శాంతికుమార్ లేచాడు.

"పాఠం చెప్పండి మేడమ్. ఇంటర్వ్యూ గురువారమే."

పది రోజుల తర్వాత, ఇస్త్రీ చొక్కాతో అతను నందిగామలో వరప్రసాదరావు ఎదుట కూర్చున్నాడు.

"ఉద్యోగం వచ్చిందండి. ఇంకొకటి అడగాలని..."

"ఇంగ్లిష్‌లో అడుగుతావా?"

"వద్దండి. ఇది తప్పు పోకూడదు."

వరప్రసాదరావు లోపలికి కేకేశాడు. "మహిమా, ఇలా రా. ఈ అబ్బాయి అడగాల్సింది నిన్ను, నన్ను కాదు."

కర్టెన్ తప్పించుకుని వచ్చింది మహిమ. తల ఎత్తలేదు. "అంతమందిలో నవ్విన దాన్నా?"

"ముక్త్యాల దాకా వచ్చి మా వరండాలో నిలబడ్డ మనిషినండి," అన్నాడతను. "నాన్న నాతోనే ఉంటాడు. అదీ ముందే చెప్పాలి. మీకు ఇష్టమేనా?"

మహిమ అప్పుడు తలెత్తి అతని కళ్లలోకి చూసింది. "ఇష్టమే," అంది.

వరప్రసాదరావు కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు. "అయితే బాబూ, మీ నాన్నగారిని చూడ్డానికి రేపు ఎన్నింటికి రమ్మంటావు?"