తడవని రీడు

నాలుక మీద పెట్టుకున్న రీడు తడవలేదు!

ఆమె ఉలిక్కిపడి దాన్ని దీపం దగ్గర పెట్టి చూసింది. క్లారినెట్ మూతికి బిగించే పలుచని రెల్లు పలక అది. నిజమైన రెల్లయితే ఈపాటికి తడి పీల్చుకుని మెత్తబడాలి. దీని మీద తడి తామరాకు మీది నీటిబొట్టులా జారిపోయింది. అడుగున నాన్న పెట్టే ఎర్ర చుక్క అలాగే ఉంది. బొటనవేలితో రుద్దింది. చుక్క వేలికి అంటుకుంది.

ప్లాస్టిక్!

నాన్న తన చేత్తో చెక్కిన ఆఖరి రీడు అది. ఈ సాయంత్రం కోసమే గాజు గొట్టంలో దాచుకుంది. వాద్యబృందంలో ఆయన కూర్చున్న మొదటి కుర్చీలో కూర్చుని, ఆయన వాయించిన సోలో ఇవాళ తను వాయించాలి. ఆయన పోయాక ఈ హాలు గడప తొక్కని అమ్మ, ముందు వరసలో కూర్చుని ఉంది.

"ఒక్కసారి ఆయన స్వరం వినిపించవే, చాలు" అని అడిగింది అమ్మ. అదొక్కటే అడిగింది.

ఎవరు మార్చారు? ఆ ఎర్ర చుక్క ఆమె చూపించింది ఒక్కడికే. రెండో కుర్చీలో వాయించే అతనికి.

అతను చేరిన రోజే గొడవ.

"సింథటిక్ రీడా? దాని బదులు టూత్ బ్రష్ బిగించుకోకపోయావా?"

"నా రీడుకి వానా లేదు, ఎండా లేదు మేడమ్. తీశామా, ఊదామా, అంతే."

"రుచీ పచీ కూడా ఉండదు."

"నేను వాయించడానికొచ్చానండీ, భోంచేయడానికి కాదు."

ఆనాటి నుంచి అందరికీ అతను 'ప్లాస్టిక్' అయిపోయాడు. కోపం ఎప్పుడు కరిగిందో ఆమెకే తెలియదు. వానలో బస్ స్టాప్ దాకా నడిచేటప్పుడు, అతని గొడుగు తనవైపే వంగుతోందని, అతని భుజం తడిసిపోతోందని మాత్రం తెలుసు. ఆ నమ్మకంతోనే నాన్న రీడు చూపించింది.

తలుపు దగ్గర చప్పుడైంది. అతనే. ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"నువ్వేనా?"

అతను తల దించుకున్నాడు.

"నాన్న రీడెక్కడ?"

అప్పుడే వేదిక మీదికి రమ్మని గంట మోగింది.

"ముందు వాయించండి. తర్వాత నన్నేమన్నా చెయ్యండి."

"ఈ ప్లాస్టిక్ ముక్కతోనా?"

"ఒక్క స్వరం ఊది చూడండి. నచ్చకపోతే వేరే రీడు పెట్టుకోండి."

కసిగా ఊదింది. పక్కగదిలో నాన్న గొంతు సవరించుకున్నట్టయింది. అదే రీడుతో వేదిక ఎక్కింది.

సోలో ముగిశాక చప్పట్లతో హాలు దద్దరిల్లింది.

అమ్మ చీర చెంగుతో కళ్లు తుడుచుకుంటూ తెర వెనక్కి వచ్చింది.

"ఆయనేనే... అచ్చంగా ఆయనే. ఏదీ, ఆ రీడు ఒక్కసారి నా చేతిలో పెట్టు."

ఆమె రీడు ఊడదీసి పిడికిట్లో బిగించింది. ఇస్తే అబద్ధం. నిజం చెబితే అమ్మ మొహంలోని ఆ వెలుగు ఆరిపోతుంది. ఇప్పుడు తను నోరు మెదపకపోతే అతను గండం గడిచి బయటపడినట్టే.

కానీ అతనే ముందుకొచ్చాడు. కోటు జేబులోంచి అగ్గిపెట్టె తీసి తెరిచాడు. అందులో దూది మీద రెల్లు ముక్కలు.

"అది ఆయన రీడు కాదమ్మా. ఆయనది ఇదిగో. నేనే విరగ్గొట్టాను. మీ అమ్మాయికి అలాంటిదే, అరిగిపోనిది ఒకటి చేసిద్దామని అడక్కుండా తీశాను. మందం కొలుస్తుంటే కొస చిట్లిపోయింది. ఆ ముక్కలు పక్కన పెట్టుకుని, ఆయన ఎక్కడ ఎంత చెక్కారో నా ప్లాస్టిక్ రీడునీ అక్కడ అంతే చెక్కాను. మీరు విన్నది ఆయన చేతివాటమేనమ్మా, అందులో అబద్ధం లేదు. ఆ చుక్క పెట్టడం మాత్రం పచ్చి మోసం. విరిగిన రోజే చెప్పాల్సింది. రోజూ చెబుదామనే వచ్చేవాణ్ణి. ఈవిడేమో నవ్వుతూ పక్క కుర్చీ లాగి కూర్చోమనేవారు... చెప్పేస్తే రేపు ఆ కుర్చీ నాకుండదేమోనని నోరు పెగల్లేదమ్మా."