సభకు ముందే రాసిన తీర్మానం

ఆ రోజు పదింటికి ఊరి సభ. పొద్దున్నే కొలతల టేపు కోసం బల్లంతా వెతుకుతున్న కుట్టుపనామెకు భర్త తీర్మానాల పుస్తకం చేతికి తగిలింది. ఆయన పంచాయతీ గుమస్తా. తెరిచి ఉన్న పేజీ మీద ఆనాటి తేదీ, దాని కింద ఒకే వాక్యం: ‘సుదీర్ఘంగా చర్చించిన పిమ్మట, ఆరోగ్య కేంద్రాన్ని పెద్దరోడ్డు పక్కకు మార్చడానికి అందరూ సంతోషంగా అంగీకరించారు.’

ఆమె రెండుసార్లు చదివింది.

“ఏమండీ, సభ ఇవాళే కదూ?”

“అవును,” అన్నాడాయన గడ్డం గీసుకుంటూ.

“జనం ఇంకా ఇళ్లలోనే ఉన్నారు. ఎప్పుడు చర్చించారు? ఎప్పుడు సంతోషించారు?”

“అదా! పదేళ్లుగా అంతే. ఎవరూ నోరు విప్పరు. ముందే రాసిపెట్టుకుంటే పని తెములుతుంది.”

“అందరూ అంటే ఎవరండీ? నేనున్నానా? అత్తయ్య ఉందా?”

“పొద్దున్నే నీకీ ఆరాలెందుకు?” ఆయన గొంతు పెరిగింది. “అమ్మకేం తెలుసు ఇవన్నీ? నలుగురిలో నా పరువు తీస్తావా ఏంటి?”

“అడిగితే పోయే పరువైతే, ఎంతకాలం దాచుకుంటారు?”

లోపలి గదిలో మోకాళ్లకు నూనె రాసుకుంటున్న తల్లి కేకేసింది.

“కోడలా, నా చెప్పులు తియ్యి. నేనూ వస్తాను.”

“నీకెందుకమ్మా?”

“అక్కడ ఏం మాట్లాడుకుంటారో చూడాలనుందిరా. ఇన్నేళ్లలో ఒక్కసారీ చూళ్లేదు.”

బడి హాల్లో జనం పలచగా కూర్చున్నారు. ఆరోగ్య కేంద్రం మార్పు సంగతి చదివి, “ఎవరికైనా అభ్యంతరమా?” అంటూనే సభ అధ్యక్షురాలు కాగితం మడవబోయింది. కుట్టుపనామె లేచింది. గుమస్తా పుస్తకంలోకి తల దించేశాడు.

“అభ్యంతరం కాదండీ, అనుమానం. పెద్దరోడ్డు దాకా ముసలివాళ్లను ఎవరైనా నడిపించి చూశారా?”

కుర్చీ పట్టుకుని ఆమె ముసలి అత్త నిలబడింది.

“కొత్తచోటు ఎలా ఉంటుందోనని మొన్న నేను వెళ్లొచ్చాను. మూడుచోట్ల కూలబడ్డాను. చివరికి ఎవరింటి గడప మీదో కూర్చుంటే, ఆ ఇంటావిడ నీళ్లిచ్చి పంపింది.”

గుమస్తా ఉలిక్కిపడి తలెత్తాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

అంతే, హాలు మేలుకుంది. కేంద్రం ఇప్పుడున్న పాత గది కారుతోందనీ, మందులు చెమ్మగిల్లుతున్నాయనీ నర్సు చెప్పింది. నిండుచూలాలు ఒకామె, “ఆ ఎండలో నేను మాత్రం ఎలా నడుస్తాను?” అంది. కప్పు బాగుచేసే పని తను చూసుకుంటానన్నాడు మేస్త్రీ. గంటన్నర వాదులాడుకుని, నవ్వుకుని, చివరికి ఒక దారికొచ్చారు: కేంద్రం పెద్దరోడ్డు పక్కకే వెళ్తుంది, కానీ వారానికి మూడురోజులు నర్సు పాతగదిలోనే కూర్చుంటుంది.

గుమస్తా పొద్దుటి వాక్యాన్ని అడ్డంగా కొట్టేశాడు. పుస్తకం పట్టుకుని తల్లి దగ్గరకొచ్చాడు.

“అమ్మా, ఇందాక చెప్పింది మళ్లీ చెప్పు. నీ మాటల్లోనే రాస్తాను.”

“అందరి ముందూ చెప్పానుగా?”

“మూడుచోట్ల కూలబడ్డానన్నావు. ఆ తర్వాత నాకేం వినబడలేదమ్మా.” “ఇంటికొచ్చి నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వు అడగలేదు కదరా,” అంది తల్లి, నిష్ఠూరమేమీ లేకుండానే.

భార్య కుర్చీ జరిపింది. ముసలమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని పక్కకు లాక్కుంది.

“ముందు కూర్చో. మెల్లగా చెప్తాను.”