హన్నమ్మ చేసిన రొట్టె

"రేపు ఆరాధన అవ్వగానే అల్లుడు కారేసుకుని వస్తాడు. పిల్లని బట్టలు సర్దుకోమను!"

వరదానం ఆ మాట అన్నప్పుడు హన్నమ్మ పొయ్యి ముందు కూర్చుని ప్రభువు బల్లకు, అంటే చర్చిలో అందరికీ విరిచి పంచడానికి, రొట్టె కాలుస్తోంది. ఆ కొల్లేటి పల్లెలో నెలనెలా మొదటి ఆదివారం బల్ల మీద పెట్టే రొట్టె పాతికేళ్ళుగా ఆమె చేతిదే. సంఘపెద్ద వరదానం భార్య కదా! అదే తనకు దక్కిన గౌరవమని మురిసిపోయేది పిచ్చితల్లి...

గోడవారన కూతురు షారోన్. కుడిచేతికి సిమెంటు కట్టు. కైకలూరులో చేపల మేత షాపు నడిపే మొగుడు వెస్లీ, ఫోను చూపించలేదని మెలితిప్పి విరిచిన చెయ్యి అది! పెళ్ళయి పదకొండు నెలలు...

"ఎముక ఇంకా అతకలేదండీ..."

"భర్తకు లోబడమని వాక్యం చెప్తోంది. నా కూతురే మొగుణ్ణి వదిలొస్తే, రేపు సంఘంలో నేను ఏ మొహంతో నిలబడను?"

చూశారా అమ్మా! కూతురి చెయ్యి కాదు, తన మొహం గురించి ఆయన బెంగ!

టీచరు ట్రైనింగు మానెయ్యమంటే మానేసింది హన్నమ్మ. పుట్టింటికి వెళ్ళొద్దంటే ఆగిపోయింది. అదంతా చూసి పెరిగిన పిల్ల కాబట్టే, పదకొండు నెలలు నోరు మూసుకుని దెబ్బలు తింది... ఆ సంగతి తోచగానే ఆమె గుండె భగ్గుమంది.

"పంపనండీ!"

"అయితే రేపు బల్లలో చెయ్యి వెయ్యకు, రొట్టె ముట్టకు. అయ్యగారితో నేను చెప్తాను!"

అన్నట్టే చేశాడు. ఆదివారం, రొట్టె విరిచే ముందు, పాస్టరు అయ్యగారు గొంతు సవరించుకుని, "హన్నమ్మగారు భర్తను క్షమాపణ అడిగేదాకా బల్లకు దూరంగా ఉండాలి" అన్నారు.

కూతురి పక్కన కూర్చున్న హన్నమ్మ చాప మీద నుంచి లేచింది.

"నేను చేసిన రొట్టె పనికొచ్చింది, నేను పనికిరాలేదా అయ్యగారూ? లోబడమన్న చోటే, ప్రాణం పెట్టేంతగా ప్రేమించమని మగాళ్ళకీ రాసుంది గదండీ! అది మా అల్లుడికి ఒక్కసారైనా చదివి వినిపించారా?"

"కూర్చోవే!" అరిచాడు వరదానం.

"పాతికేళ్ళూ కూర్చునే ఉన్నానండీ!"

అయ్యగారు గబగబా రొట్టె విరిచి పళ్ళెంలో పెట్టారు. రొట్టె పళ్ళెం పట్టుకుని వరదానమే ఆడవాళ్ళ వరసలోకి వచ్చాడు. ముందుగా తన తల్లి వరమ్మకు అందించాడు. "మొగుడి ముందు నోరెత్తకు" అని కోడలికి పెళ్ళినాడు నేర్పింది ఆ ముసలమ్మే! ఆమె తన ముక్కను రెండు చేసి, సగం హన్నమ్మ అరచేతిలో పెట్టింది.

"అమ్మా, ఏంటిది!"

వరమ్మ వంకరపోయిన చిటికెనవేలు పైకెత్తింది.

"రోకలి పడిందని ఊరందరికీ చెప్పాను. రోకలి కాదురా, మీ నాన్న! నీకప్పుడు ఏడేళ్ళు. తలుపు చాటున నిలబడి ఏడ్చావు... మరిచిపోయావంట్రా అబ్బాయ్?"

వరదానం పళ్ళెం చాప మీద దించి, తల్లి ముందు కూలబడ్డాడు.

హన్నమ్మ కన్నీళ్ళు కారుతుండగానే, చేతిలో ముక్కను మళ్ళీ విరిచి కూతురి ఎడమచేతిలో పెట్టింది. తల్లీకూతుళ్ళు పక్కపక్కనే కూర్చున్నారు.

బయట కారు హారను మోగింది. ఒకసారి... రెండుసార్లు... ఆగకుండా!

చాపల మీద నుంచి ఒక్క ఆడమనిషీ లేవలేదు. చివరికి ఆ కారే వెనక్కి తిరిగింది.